మా ఇద్దరి మధ్య ఆనపకాయ

మల్కాజ్‌గిరిలో మేం అద్దెకున్న పోర్షన్‌లో రెండు గదులుండేవి. ముందు గదిలో అమ్మా నాన్నా, వెనక గదిలో నేనూ మా ఆవిడా. రెండు గదులకీ మధ్య తలుపు ఉండవలసిన చోట ఒక కర్టెన్ వేలాడేది. నీలం రంగు గుడ్డ మీద తెల్ల బాతులు. అవతల నాన్న పేపరు తిప్పితే ఏ పేజీకి వచ్చారో ఇవతల మాకు తెలిసిపోయేది. మేం గుసగుసలాడుకుంటే అమ్మ వెంటనే, "ఏటే, మజ్జిగేమైనా కావాలా?" అని అడిగేది. ప్రేమగానే అడిగేది. అందుకే ఏమీ అనలేకపోయేవాళ్లం.

అప్పట్లో ఊరంతా సాఫ్ట్‌వేర్ పేరు చెప్పుకుని ఊగిపోతోంది. నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఉద్యోగం చేసేవాణ్ణి. మా ఆవిడ సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గర ఒక ఆఫీసులో, అమెరికా డాక్టర్లు గొణిగిన మాటల్ని హెడ్‌ఫోన్లలో విని టైపు చేసేది. ఆ డాక్టర్లు ఆవలిస్తూ మాట్లాడినా, తింటూ మాట్లాడినా ఒక్క ముక్క వదిలేది కాదు. అలాంటి మనిషికి నాలాంటి మొగుడు దొరికాడు. బండి మీద వెనక కూర్చుని ఆమె చెప్పే మాటల్లో ఒక్కటీ నాకు వినపడేది కాదు.

ఆ బండే మా ఇద్దరికీ మిగిలిన ఏకాంతం. సాయంత్రం ఆమెను క్లాక్ టవర్ దగ్గర ఎక్కించుకుని మల్కాజ్‌గిరి చేరేదాకా మేమిద్దరమే. అనుకోవడానికి ఇద్దరమే గానీ, నిజానికి మధ్యలో సంచి ఉండేది. అందులో మా ఇద్దరి లంచ్ క్యారియర్లు, ఆమె గొడుగు, మోండా మార్కెట్ నుంచి అమ్మ తెమ్మన్న కూరలు. మల్కాజ్‌గిరిలో కూరగాయలు దొరకవని కాదు. మాది శ్రీకాకుళం వైపు. మోండా మార్కెట్‌లో అమ్మే ఆనపకాయకే మా ఊరి రుచి ఉందని అమ్మ పట్టుదల. ఆ ఆనపకాయ ఎప్పుడూ పడుకునేది కాదు. సంచిలో నిటారుగా నిలబడి, గుంత వచ్చినప్పుడల్లా నా వెన్నులో పొడిచేది.

వెనక నుంచి ఆమె ఏదో చెప్పేది. గాలి, బస్సు హారన్లు, మా బండి సైలెన్సర్, వీటన్నిటికీ తోడు ఈ సంచి. నేను "ఆఁ" అనేవాణ్ణి. ఆమె ఇంకేదో చెప్పేది. "ఆఁ ఆఁ" అనేవాణ్ణి. భార్య మాట్లాడుతుంటే పలక్కుండా ఉండడం మర్యాద కాదు కదా.

ఒక సాయంత్రం మెట్టుగూడ దగ్గర ట్రాఫిక్ ఆగింది. ఇంజన్ ఆపేశాను. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో మా ఆవిడ మాట స్పష్టంగా వినపడింది.

"ఏటండీ, మనిద్దరి మధ్యా ఈ సంచి ఉన్నన్నాళ్లూ నాకు పెళ్లయినట్టే లేదండీ."

పక్కన ఆగిన ఆటో అతనికి కూడా వినపడింది. అతను నన్నూ సంచినీ మార్చి మార్చి చూసి తల అటు తిప్పుకున్నాడు. నాకు సిగ్గేసింది, తర్వాత కోపమొచ్చింది, ఇంటికెళ్లేలోపు రెండూ పోయి పట్టుదల మిగిలింది. ఆ సంచిని మా మధ్య నుంచి తీసి అవతల పారెయ్యాలి. అప్పటికి నాకు అంతకన్నా పెద్ద ఆశయం లేదు.

ఆఫీసులో ఇంటర్నెట్ దండిగా ఉండేది, పని మాత్రం అప్పుడప్పుడు ఉండేది. వెతగ్గా వెతగ్గా పరాయి దేశపు బండ్ల బొమ్మలు కనపడ్డాయి. వెనక చక్రానికి అటొక తోలు సంచి, ఇటొక తోలు సంచి. సంచుల్ని మోసే ఇనప బ్రాకెట్లు. అన్నిటికన్నా నాకు నచ్చిందేమిటంటే, పిన్ను లాగితే ఆ బ్రాకెట్లు చేతికి ఊడివస్తాయి, నొక్కితే మళ్లీ కూర్చుంటాయి. మా ఇంటికి ఊడివచ్చేవే కావాలి. ఎందుకంటే మా పోర్షన్‌కి వెళ్లాలంటే ఓనరు ఇంటి గోడకీ ప్రహరీకీ మధ్య ఉన్న సందులోంచి వెళ్లాలి. ఆ సందు బండి హ్యాండిల్ కోసం కొలిచి కట్టినట్టుండేది. దాని మొదట్లో ఎప్పుడో ఒక తలుపు ఉండేదట. తలుపు పోయింది గానీ దాని ఇనప బందు ఒకటి ఎడమ గోడలోంచి కొక్కెంలా బయటికి పొడుచుకుని ఉండిపోయింది. రోజూ బ్రాకెట్లు ఊడదీసి చేత్తో పట్టుకుని, బండిని సందులోంచి లోపలికి తోసుకోవాలన్నది నా ప్లాను. ఆఫీసు ప్రింటర్ మీద రంగుల్లో కాగితాలు తీశాను.

వాటిని పట్టుకుని రెజిమెంటల్ బజార్‌లో ఒక వెల్డింగ్ షాపుకు వెళ్లాను. ఆయన చేసేది ఇంటి గేట్లూ, కిటికీ గ్రిల్సూ. మనిషి ఉత్సాహవంతుడు. నేను కాగితం తీసేలోపే "అయితది సార్" అన్నాడు. ఏం కావాలో చెప్పాను. "అయితది సార్" అన్నాడు. పిన్ను లాగితే ఊడిరావాలని చెప్పాను. అక్కడ మాత్రం ఆగాడు.

"ఊడొచ్చుడు ఎందుకు సార్? మంచిగ బిగిస్తం గద."

సందు సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"గది సరే సార్. గని సికింద్రాబాద్‌ల ఊడొచ్చేది ఏదన్న ఉంటదా? నా షాపు బోర్డు సూడున్రి. కొక్కేలకు తగిలించిన. సుబ్బరంగ ఎత్కపొయిన్రు. ఇప్పుడు గోడ మీదనే పెయింట్ రాయించిన."

నిజమే, గోడ మీద రాసి ఉంది. అది వేరు, ఇది వేరు అన్నాను. ఊడిరావడమే దీనికి ప్రాణం అని గట్టిగా చెప్పాను. ఆఫీసులో క్లయింటుకు చెప్పినట్టు ఒకటికి రెండుసార్లు చెప్పి, ఆయన చేత తిరిగి చెప్పించుకున్నాను. చక్కగా అప్పజెప్పాడు. "పిన్ను గుంజితే రావాలె. అంతే గద సార్. పరేషాన్ గాకున్రి."

మొదటిరోజు బండి ఎడమ పక్కనున్న చీర జాలీ అడ్డొస్తోందన్నాడు. వెనక కూర్చున్న ఆడవాళ్ల చీర చక్రంలో పడకుండా మన బండ్లకు కంపెనీవాళ్లే బిగించి ఇచ్చే జాలీ అది. "గిది తీస్తెనే బ్రాకెట్ కూసుంటది" అన్నాడు. తియ్యమన్నాను. జాలీనీ, దాని కింద ఉన్న పట్టీనీ విప్పి మూలన పడేశాడు. ఇద్దరం వెనక్కి జరిగి బండిని చూసుకున్నాం. సాఫుగా ఉందన్నాడు. నేనూ ఔనన్నాను.

శనివారం మధ్యాహ్నం వెళ్లేసరికి బండి తయారుగా ఉంది. నల్ల రంగు మెరిసిపోతోంది. బ్రాకెట్లు నేనిచ్చిన బొమ్మలోలా లేవు. ఒక్కోదాని మధ్యలో ఇనప తామర పువ్వు విచ్చుకుని ఉంది. రేకులు బయటికి వంపు తిరిగి ఉన్నాయి.

"ఇదేమిటి?" అన్నాను.

"ఉట్టి ఇనుము మంచిగ కనిపిస్తలేదు సార్. జెర డిజైన్ ఏసిన. ఎక్స్‌ట్రా ఏం లేదు."

గేట్లు చేసే చెయ్యి ఊరుకోదు కాబోలు అనుకున్నాను. సంచులు తగిలించుకుని బయల్దేరాను. తిరుమలగిరి వైపు కావాలనే ఒక చుట్టు తిప్పుకొచ్చాను. జనం చూశారు. పాల క్యాన్లు ఎక్కడ పెడతావని ఒకాయన అడిగాడు. నేను పట్టించుకోలేదు. నా వీపు వెనక, ఎన్నో నెలల తర్వాత, ఏమీ లేదు. ఆ ఖాళీ ఎంత హాయిగా ఉందో మాటల్లో చెప్పలేను. అందులో మా ఆవిడ కూర్చుంటుందని తలుచుకుంటే ఒంటరిగా బండి నడుపుతూ నవ్వొచ్చేసింది.

ఇంటికి వచ్చేసరికి ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. "ఎలాగుంది?" అన్నాను గర్వంగా. ఆమె బండి ఎడమ పక్కకు వచ్చి, తామర పువ్వును చూసి, దాని కిందకి వంగి చూసి, ఏదో అడగబోయింది. "ఆగు, అసలు తమాషా చూపిస్తాను" అని సంచులు తీసి ఆమె చేతికిచ్చి, పిన్ను పట్టుకుని లాగాను.

రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. నేను వచ్చాను గానీ పిన్ను రాలేదు. కూర్చుని దగ్గరగా చూస్తే, పిన్ను మొదట్లో నల్లరంగు కింద బుడిపెలాంటిది కనపడింది. టాకా. వెల్డింగ్ టాకా. అటొకటి, ఇటొకటి. పిన్ను పెట్టాడు. చెప్పింది చెప్పినట్టు పెట్టాడు. పెట్టి దాన్ని అతికేశాడు.

ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో నేను చేసిన పనికి ఇప్పటికీ సరైన కారణం దొరకదు. సంచుల్లేవు కాబట్టి బ్రాకెట్లతో పట్టేస్తుందేమోననుకున్నాను. "పట్టదండీ" అంది ఆమె. "పడుతుంది" అన్నాను. బండి మీద కూర్చుని, రెండు కాళ్లతో నేలను తన్నుకుంటూ సందులోకి దూరాను. ముందు చక్రం వెళ్లింది. హ్యాండిల్ వెళ్లింది. నేనూ వెళ్లాను. బ్రాకెట్ల దగ్గర కిర్రుమని చప్పుడొచ్చి బండి ఆగిపోయింది. వెనక్కి లాగితే రాలేదు. ఎడమ పక్క తామర రేకు వెళ్లి పాత తలుపు బందు వెనక దూరి, అక్కడ హాయిగా స్థిరపడింది.

ఇక ముందుకూ లేదు, వెనక్కూ లేదు. బండి సగం సందులో, సగం వాకిట్లో. అమ్మా నాన్నా లోపల. మేమిద్దరం బయట. మధ్యలో నా ఆశయం.

చప్పుడుకి ఇంటి ఓనరు బయటికొచ్చారు. రైల్వేలో రిటైరైన మనిషి, తాతల కాలం నుంచీ ఇక్కడివాళ్లే. ఆయన బండిని చూడలేదు, గడియారం చూశారు.

"ఏందయ్యా గిది? నల్లా వచ్చే టైమైంది!"

నల్లా సందు చివర, మా పోర్షన్ పక్కన ఉంది. రెండిళ్లకీ అదొక్కటే. చూస్తుండగానే సందులోంచి నీళ్ల చప్పుడు వినపడింది. ఓనరుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మ లోపలి నుంచి, "కంగారు పడకండి బాబూ, నేనున్నాను" అని అరిచింది. ఆ తర్వాత చాలాసేపు బిందెల ప్రయాణం జరిగింది. నాన్న నల్లా దగ్గర నింపారు, అమ్మ మోసుకొచ్చి పెట్రోల్ ట్యాంకు మీద పెట్టింది, నేను సీటు మీద మోకాళ్లేసి వెనక్కి అందించాను, మా ఆవిడ ఓనరుగారికి చేరవేసింది. ఖాళీ బిందెలు అదే దారిన వెనక్కి వెళ్లాయి. బండికి అంత గౌరవం అంతకు ముందెప్పుడూ దక్కలేదు.

బిందెల పని అయ్యాక ఓనరుగారి ఫోన్ నుంచి వెల్డింగ్ షాపు పక్కనున్న కిరాణా కొట్టుకు చేసి కబురు పెట్టాం. ఆయన స్కూటర్ మీద సంతోషంగా వచ్చాడు. కాళ్ల ముందు సామాన్ల సంచి. బండి ఇరుక్కున్న తీరు చూసి ఒక్క క్షణం బాధపడ్డాడు. వంగి టాకాను చూసుకున్నాక ఆ బాధ పోయింది.

"సూసిన్రా సార్? గింత జోరు పడ్డా జెర సుత కదల్లే!"

"ఊడిరావాలని చెప్పాను కదయ్యా!" అని అరిచాను.

"జెప్పిన్రు సార్. నేను మర్శిపోలే. పొద్దుగాల పిన్ను పెట్టిన, గుంజి సూసిన, మస్తుగ ఒచ్చింది. గంత అల్కగ ఒచ్చేసరికి నాకే బుగులైంది. ఆఫీస్ ముంగట బండి వెట్టి పైకి వోతరు, వచ్చేసరికి ఉంటదా? మంచి మనిషి, పాపం, లాస్ అయితడు అని టాకా ఏసిన. పైసల్ సుత తీస్కోలే."

ఆయన కళ్లలో నిజంగానే నా మీద జాలి ఉంది. అంత మంచి మనిషిని తిట్టడం నా వల్ల కాలేదు. ఓనరుగారు ఆయన పక్షం చేరిపోయారు. "గాయన జెప్పింది కరెక్టే. నా సైకిల్ సీటు సుత గట్లనే పొయింది" అన్నారు.

రంపం బ్లేడు తీసి కోయడం షురూ చేశాడు. కాసేపటికి బ్లేడు విరిగింది. విరిగిన ముక్కను అందరికీ చూపించాడు. టాకాకి గీత కూడా పడలేదని ఆయనకు పట్టరాని ఆనందం. ఇక మిషన్‌తో కోయాల్సిందే అన్నాడు. మిషన్ తెచ్చాడు కూడా. ఓనరుగారి కిటికీలోంచి వైరు లాగి ప్లగ్గులో పెట్టగానే కరెంటు పోయింది. రోజూ ఆ వేళకు పోయేదే. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. ఆయనా ఓనరుగారూ గడపలో కూర్చుని, తమ జీవితాల్లో పోయిన వస్తువుల గురించి ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. అమ్మ ట్యాంకు మీదుగా టీ అందించి, వంట చూడాలంటూ లోపలికి వెళ్లిపోయింది.

పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. కూర్చోడానికి చోటు లేక బండి మీదే కూర్చున్నాను. కాసేపటికి సీటు కదిలింది. మా ఆవిడ వెనక ఎక్కింది. ఇద్దరం కదలని బండి మీద, గోడకేసి చూస్తూ కూర్చున్నాం. ఆమె భుజం నా వీపుకు తగిలింది. మధ్యలో ఏమీ లేదు.

"బాగుంది కదా?" అన్నాను.

"బాగుంది గానీ, నా కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలండీ?"

వెనక్కి తిరిగి చూశాను. చీర కట్టుకుని ఎడమ వైపుకు ఒకపక్కగా కూర్చుంది. కాళ్లు పెట్టుకునే పట్టీ ఉండాల్సిన చోట తామర పువ్వు ఉంది. కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. జాలీతో పాటు ఆయన మూలన పడేసిన పట్టీ ఎందుకోసమో అప్పుడు వెలిగింది నాకు. రోజూ ఎక్కించుకునే మనిషి కాళ్లు ఎటు పెడుతుందో నా బుర్రకు ఒక్కసారీ తట్టలేదు.

"ఈ మాట ముందే చెప్పకపోయావా?"

"మీరు కాగితాలు తెచ్చిన మర్నాడే చెప్పేనండీ. బండి మీద. 'ఎడం పక్క వొద్దు, కుడి పక్కొక్కటీ చాలు' అన్నాను. మీరు 'ఆఁ' అన్నారు."

ఇంకా ఏమేం చెప్పావని అడగాలని ఉంది, అడగాలంటే భయంగా ఉంది. ఆమే చెప్పింది.

"యాప్రాల్‌లో ఇల్లు చూసేనన్నాను. దానిక్కూడా ఆఁ అన్నారు."

"ఏ ఇల్లు?"

"మా ఆఫీసులో అమ్మాయి వాళ్ల పెదనాన్నగారిది. గేటు పెద్దది. మీ తామర పువ్వులు రెండూ పడతాయి. అత్తయ్యా మావయ్యా కూడా వొస్తారు, వాళ్లకి ముందు వేపు గది, వాకిట్లో ఎండొస్తాది. అంతా చెప్పేను. 'రేపు ఆదివారం వొస్తామని చెప్పీమంటారా?' అంటే ఆఁ అన్నారు. చెప్పీసేను."

ఇన్నాళ్లుగా నేను గాలికీ హారన్లకీ ఆఁ అంటుంటే, వెనక ఒక ఇల్లు తయారవుతోందన్నమాట. ఇంకొకటి చెప్పాలన్నట్టు ఆమె దగ్గరగా జరిగింది. గడపలో ఓనరుగారు తన పోయిన చెంబు గురించి చెబుతున్నారు.

"వెనక వేపు గది మనకండీ," అంది చాలా మెల్లగా. "దానికి తలుపుంది. లోపల గడియ కూడా ఉంది. నేను వేసి చూసేను."

ఆ మెల్లటి మాట ఒక్క అక్షరం పోకుండా నాకు వినపడింది. ఒక తలుపు గురించి ఒక మనిషి ఇంత సంతోషంగా చెప్పాల్సి వచ్చిందే అనిపించింది.

సరిగ్గా అప్పుడు కరెంటొచ్చింది. వెల్డింగాయన లేచి మిషన్ అందుకున్నాడు. "జరగున్రి సార్, రెండూ లేపేస్త" అన్నాడు.

మా ఆవిడ బండి దిగి అడ్డంగా నిలబడింది. "ఎడమదే కొయ్యండి. కుడిది ఉండనీండి. మీరు తీసిన పట్టీ కూడా సోమవారం మళ్లీ బిగించాలి."

"ఒక్కటే ఎందుకమ్మా? ఆఁ... పట్టీ!" అని ఆయన నాలిక్కరుచుకున్నాడు. ఓనరుగారు నావైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

నిప్పురవ్వలు రాలాయి. తామర పువ్వు ఊడి నేల మీద పడింది. బండి వెనక్కి వచ్చింది. సందు తెరుచుకోగానే అమ్మ సంచితో బయటికొచ్చింది. పొద్దున్నే బజారుకెళ్లి మా ఆవిడ తెచ్చిన ఆనపకాయ అందులో ఉంది. వండబోతే చేదుగా ఉందట, సోమవారం మార్కెట్‌లో ఇచ్చి వేరేది మార్చమంది. మా ఆవిడ ఆ సంచి తీసుకుని, అలవాటు కొద్దీ సీటు మధ్యలో పెట్టబోయి ఆగింది. వంగి, కుడి పక్క బ్రాకెట్‌కి తగిలించింది. ఆనపకాయ ఒకపక్కగా వాలి, మొదటిసారి పడుకుంది.

"రేపు ఎన్నింటికి వెళ్దాం?" అన్నాను.

"పదింటికని చెప్పేను. వొస్తారా?"

"ఆఁ."

ఆమె నా మొహంలోకి తేరిపార చూసింది. "వినే అన్నారా?"

"వినే అన్నాను," అన్నాను. "తలుపుంది, గడియ ఉంది."

ఆ రాత్రి కర్టెన్ అవతలి నుంచి నాన్న పేపరు తిప్పిన చప్పుడు వినపడింది.